కుక్కకి, పిల్లికి వాపు తగ్గించే కంటి చుక్కలు ఎలా వెయ్యాలి, ఎప్పుడు అస్సలు వెయ్యకూడదు

రెండేళ్ళ కింద మా కుక్క రాణికి గోమార్ల జ్వరం వచ్చింది. గోమార్లంటే కుక్కల ఒంటికి పట్టే పురుగులే, కొన్ని వైపుల పిడుదులు అంటారు. అప్పుడు ఎడమ కన్ను ఎర్రబడి లోపల పొగ పట్టినట్టు మసకైపోయింది. డాక్టర్ గారు యువైటిస్ అన్నారు, అంటే కంటి లోపలి పొర వాచడం, జ్వరానికి డాక్సీసైక్లిన్ మాత్రలు, కంటికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు రాసిచ్చారు, మూడు వారాల్లో కన్ను తేటపడింది. ఆరు నెలల తర్వాత కుడి కన్ను ఎర్రబడింది, నీళ్ళు కారుతున్నాయి, సగం మూసుకుని చూస్తోంది, అదే మళ్ళీ వచ్చిందనుకుని షెల్ఫ్‌లో మిగిలిన సీసా తీసి రెండు రోజులు వేశాను. అది యువైటిస్ కాదండి. ముల్లు గీసుకుని నల్లగుడ్డు మీద పుండు పడింది. స్టెరాయిడ్ పడేసరికి మానాల్సిన పుండు ఇంకా లోతుకి పోయింది. కన్ను దక్కింది గానీ తెల్ల మచ్చ అలాగే ఉండిపోయింది, ఇప్పటికీ ఆ పక్క నుంచి పిలిస్తే తల మొత్తం తిప్పి చూస్తుంది.

అందుకే చుక్క ఎలా వెయ్యాలో చెప్పేముందు ఎప్పుడు వెయ్యకూడదో చెప్తున్నా. ఎర్ర కన్ను అంటే ఒకటే జబ్బు కాదు. అలర్జీ అయినా, యువైటిస్ అయినా, పుండు పడినా, కన్ను తడారిపోయినా, కంట్లో ప్రెషర్ పెరిగి గ్లాకోమా వచ్చినా బయటికి కనిపించేది ఎరుపే. మనం ఇంట్లో చూసి తేల్చలేం. డాక్టర్ దగ్గర నారింజ రంగు కాగితం ముక్క ఒకటి ఉంటుంది, ఫ్లోరెసీన్ స్ట్రిప్ అంటారు, దాన్ని తడిపి కంటికి తాకించి, సెలైన్‌తో కడిగి నీలం లైట్‌లో చూస్తారు, నల్లగుడ్డు పైపొర లేచిపోయిన చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పని. పచ్చగా మెరిసిందంటే స్టెరాయిడ్ చుక్క ఆ కంట్లో పడకూడదు, అంతే. ఆ టెస్ట్ చెయ్యకుండా ఎవరైనా స్టెరాయిడ్ రాస్తే "డాక్టర్ గారూ, పుండు లేదని ఒకసారి రంగు వేసి చూస్తారా" అని మర్యాదగా అడగండి, మంచి డాక్టర్ ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ చుక్కల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి స్టెరాయిడ్లు, ప్రెడ్నిసొలోన్ అసిటేట్ 1 శాతం, డెక్సామెథసోన్ 0.1 శాతం లాంటివి. యువైటిస్‌కి, కేటరాక్ట్ ఆపరేషన్ అయ్యాక, జర్మన్ షెపర్డ్‌లకి నల్లగుడ్డు మీదకి ఎర్రగా పొర పాకే పానస్ జబ్బుకి ఇవే పెద్ద దిక్కు. రెండోది స్టెరాయిడ్ లేనివి, ఫ్లర్బిప్రోఫెన్, కెటోరొలాక్ లాంటివి. షుగర్ ఉన్న కుక్కలకి చాలాసార్లు వీటినే రాస్తారు, ఎందుకంటే స్టెరాయిడ్ చుక్క కంట్లోంచి ఒంట్లోకి కూడా కొంత పోతుంది, చిన్న సైజు కుక్కల్లో అయితే ఇంకా ఎక్కువ లెక్క, షుగర్ కంట్రోల్ తప్పొచ్చు. అలాగని ఈ రెండో రకం పూర్తిగా సేఫ్ అనుకోవద్దు, ఇవి కూడా పుండు మానడాన్ని లేట్ చేస్తాయి, గ్లాకోమా ఉంటే ప్రెషర్ పెంచొచ్చు, గోమార్ల జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి కంట్లో రక్తం కనిపిస్తుంటే ఇవి వాడటంలో డాక్టర్లు జాగ్రత్త పడతారు.

మెడికల్ షాపులో మనుషులకి అమ్మే చుక్కల సంగతి కూడా చెప్పాలి. యాంటీబయాటిక్ చుక్కలని ఇచ్చేవాటిలో చాలావాటిలో డెక్సామెథసోన్ కలిపే ఉంటుంది, సీసా మీద చిన్న అక్షరాల్లో రాసుంటుంది. చదవండి. "డెక్సా", "ప్రెడ్", "బీటా" అని మొదలయ్యే పేరు కనిపిస్తే చాలావరకు స్టెరాయిడే అనుకుని, చీటీ లేకపోతే కొనకండి, షాపాయన ఇచ్చినా సరే.

ఇప్పుడు వేసే పద్ధతి. ముందు చేతులు కడుక్కోండి. ప్రెడ్నిసొలోన్ అసిటేట్ సీసాని బాగా ఊపాలి, మందు పొడి లాగా అడుక్కి దిగిపోయి ఉంటుంది, ఊపకపోతే కంట్లో పడేది ఉత్త నీళ్ళే, మందంతా సీసా అడుగునే మిగిలిపోతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, వారం వేశాం తగ్గలేదంటారు. తర్వాత కంటి మూలలో పుసి ఉంటే స్టెరైల్ సెలైన్‌లో తడిపిన దూదితో లోపలి మూల నుంచి బయటికి మెల్లగా తుడవండి, కన్ను మారితే దూది కూడా మార్చాలి. పుసి మీద వేసిన చుక్క దాంతోనే బయటికి కారిపోతుంది.

కుక్కని ఎదురుగా కూర్చోబెట్టుకుని సీసా ముఖం మీదకి తీసుకెళ్తే ఏ కుక్కైనా వెనక్కి లాక్కుంటుంది. మీరు వెనకాల కూర్చోండి. రాణిని నేను గోడ మూలకి కూర్చోబెట్టి దాని వెనక మోకాళ్ళ మీద కూర్చుంటా, నా కాళ్ళ మధ్యలో ఉంటుంది కాబట్టి వెనక్కి రాలేదు. ఎడమ చెయ్యి గవద కింద పెట్టి మూతి కొంచెం పైకెత్తి బొటనవేలితో కింది రెప్ప కిందికి లాగండి. కుడి చేత్తో సీసా పట్టుకుని, ఆ చేతి మడమని దాని నుదుటి మీద ఆనించండి. ఆనించడం ముఖ్యం, కుక్క తల కదిలినా మీ చెయ్యి కూడా తలతోపాటే కదులుతుంది, సీసా మూతి కంట్లో గుచ్చుకోదు. పై నుంచి, చెవి వైపు నుంచి సీసా తెస్తే దానికి కనపడదు. ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఒక్క చుక్క, తెల్లగుడ్డు మీద. సీసా మూతి రెప్పకి గానీ వెంట్రుకలకి గానీ తగలకూడదు, తగిలితే క్రిములు సీసాలోకి పోతాయి.

ఒక్క చుక్కే అని ఎందుకంటున్నానంటే కంట్లో నిజానికి ఒక చుక్క కూడా పూర్తిగా పట్టదు, రెండోది వేస్తే చెంప మీదకే. చుక్క పడ్డాక వదిలేయకుండా ఒక నిమిషం అలాగే పట్టుకోండి, పంజాతో రుద్దుకోకుండా. తర్వాత వెంటనే ఇష్టమైనది ఏదైనా పెట్టండి, మా రాణికి ఉడికించిన కోడి ముక్క ఒకటి, అది కూడా చుక్కలప్పుడే, ఇంకెప్పుడూ కాదు, ఇప్పుడు సీసా ఊపిన చప్పుడు వింటే తనే వచ్చి మూలలో కూర్చుంటుంది.

పగ్, షిట్జూ లాంటి ఉబ్బు కళ్ళ కుక్కలుంటే మెడ పట్టి బిగించకండి, గట్టిగా నొక్కితే కనుగుడ్డే బయటికొచ్చే ప్రమాదం ఉంది. వాటికి గవద పట్టుకోవడమే మంచిది. కరిచే కుక్కైతే మూతికి గుడ్డ తొడుగు పెట్టండి, లేదంటే ఇంకొకరి సాయం తీసుకోండి.

ఒకటి కంటే ఎక్కువ మందులు రాస్తే మధ్యలో కనీసం 5 నిమిషాలు గ్యాప్ ఇవ్వాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ముందు నీళ్ళలాంటివి, తర్వాత ఊపి వేసేవి, ఆయింట్‌మెంట్ ఉంటే చివర్లో. ఆయింట్‌మెంట్ ముందు పెడితే తర్వాత చుక్క లోపలికి దిగదు.

పిల్లుల కథ వేరే. తువ్వాలులో మెడదాకా చుట్టి తల మాత్రం బయటికుంచి ఒళ్ళో పెట్టుకుని, వెనక నుంచే వెయ్యాలి, పని ఐదు సెకన్లలో అయిపోవాలి. చుక్క కంట్లోంచి ముక్కు దారిన గొంతులోకి దిగుతుంది, చేదుకి నోట్లోంచి నురగ కారుస్తుంది, యువైటిస్‌లో ఇచ్చే అట్రోపిన్ అయితే మరీ. చూస్తే భయమేస్తుంది గానీ కాసేపట్లో తగ్గిపోతుంది. పిల్లుల్లో అసలు భయపడాల్సింది హెర్పిస్ వైరస్ గురించి. చిన్నప్పుడు జలుబు చేసి కళ్ళు అంటుకుపోయిన పిల్లికూనల్లో చాలావాటిలో ఆ వైరస్ జీవితాంతం దాక్కుని ఉంటుంది, స్టెరాయిడ్ చుక్క దాన్ని మళ్ళీ లేపుతుంది. మీ పిల్లికి పిల్లగా ఉన్నప్పుడు అలా అయ్యుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, వీధిలోంచి తెచ్చుకున్న పిల్లయితే ముందే చెప్పండి.

వేస్తున్న రోజుల్లో రోజూ వెలుతురులో కన్ను చూడండి. ఇంతకుముందు కంటే ఎక్కువ మూసుకుంటున్నా, నల్లగుడ్డు నీలంగా, తెల్లగా మసకబారినా, గుంట పడ్డట్టు ఉన్నా, జిగురులా కరుగుతున్నట్టు కనిపించినా, కన్ను ఉబ్బినా చుక్క ఆపి అదే రోజు డాక్టర్‌ దగ్గరికి వెళ్ళండి, రాత్రి అని పొద్దున్న దాకా ఆగొద్దు. కరిగే పుండు ఒకట్రెండు రోజుల్లో కన్ను చిల్లి పడేదాకా పోగలదు. స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వాడే చిన్న కుక్క నీళ్ళు ఎక్కువ తాగుతోందా, ఎక్కువసార్లు ఒంటికి పోస్తోందా, ఆకలి పెరిగిందా అని కూడా గమనించండి.

కన్ను బాగానే కనిపిస్తోంది కదా అని స్టెరాయిడ్ మధ్యలో మానెయ్యకండి. యువైటిస్‌లో రోజుకి 4 సార్లు అనుకుందాం, తర్వాత 3, 2, 1 అని డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు, ఒక్కసారిగా ఆపితే వాపు తిరగబెడుతుంది. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వెయ్యండి, తర్వాతి టైమ్ దగ్గరపడితే వదిలెయ్యండి, రెండు పూటలది కలిపి వెయ్యొద్దు. రుద్దుకునే కుక్కకి మెడ చుట్టూ పెట్టే కోన్ తియ్యకండి, జాలిపడి తీసిన అరగంట చాలు కన్ను పాడు చేసుకోడానికి.

సీసా మూత తీసిన రోజు డేట్ స్కెచ్ పెన్‌తో సీసా మీదే రాసుకోండి. ఎక్కువ చుక్కలకి మూత తీసిన దగ్గర్నుంచి 28 రోజులే లెక్క. కోర్సు అయిపోయాక సగం మిగిలినా పారెయ్యండి, పక్కింటి కుక్కకి కన్ను ఎర్రగా ఉందని అడిగినా ఇవ్వకండి, వాళ్ళని వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి రంగు టెస్ట్ చేయించండి.