మెయిల్ మెర్జ్ లో డేటా సోర్స్ కనబడట్లేదా? లెటర్ మళ్లీ టైప్ చెయ్యకండి

ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు మెయింటెనెన్స్ నోటీసులు ప్రింట్ తీయించుకోడానికి పెన్ డ్రైవ్ పట్టుకుని ద్వారకానగర్ లో డీటీపీ షాపుకి వచ్చారనుకోండి. ఒకే వర్డ్ లెటర్ లో ఎక్సెల్ లిస్ట్ నుంచి ఒక్కొక్కరి పేరూ, ఫ్లాట్ నంబరూ వాటంతటవే పడేలా చెయ్యడమే మెయిల్ మెర్జ్, ఆ లిస్టే డేటా సోర్స్. పెన్ డ్రైవ్ లో వర్డ్ లెటర్ ఒక్కటే ఉంటుంది, ఎక్సెల్ షీట్ ఇంట్లో సిస్టమ్ లోనే ఉండిపోతుంది. ఇంక ఓపెన్ చెయ్యగానే డేటా సోర్స్ దొరకట్లేదని మెసేజ్ వస్తుంది, ఫైల్ పాడైపోయిందని కంగారుపడిపోతారు.

ఫైల్ కి ఏమీ అవ్వలేదండి. ఓనర్ల లిస్ట్ వర్డ్ లోపల ఉండదు, ఆ ఎక్సెల్ ఏ డ్రైవ్ లో ఏ ఫోల్డర్ లో ఉందో ఆ పాత్ మాత్రమే వర్డ్ గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి ఫోల్డర్ పేరు మార్చినా, పెన్ డ్రైవ్ ఒక సిస్టమ్ లో E డ్రైవ్ అని ఇంకోదాంట్లో F డ్రైవ్ అని వచ్చినా, జిప్ ని ఎక్స్‌ట్రాక్ట్ చెయ్యకుండా లోపల నుంచే తెరిచినా ఇదే గొడవ.

ముందు రెండు ఫైల్స్ నీ ఒకే ఫోల్డర్ లో పెట్టి సీ డ్రైవ్ లోకో డీ లోకో కాపీ చేసుకోండి, ఎక్సెల్ తెరిచి ఉంటే క్లోజ్ చేసెయ్యండి. లెటర్ ఓపెన్ చేస్తే ఎస్‌క్యూఎల్ కమాండ్ అంటూ, అంటే లిస్ట్ నుంచి డేటా తెచ్చుకోమంటారా అని అడుగుతూ ఒక బాక్స్ వస్తుంది, చాలామంది వైరస్ అనుకుని నో కొట్టేస్తారు, దాంతో లెటర్ డేటా లేకుండా తెరుచుకుంటుంది. ఫైల్ మీదే అయితే యెస్ కొట్టండి, ఎవరో తెలీని వాళ్లు పంపిందైతే మాత్రం నో నే కరెక్ట్. పాత్ మారిపోయి ఉంటే ఫైండ్ డేటా సోర్స్ బటన్ వస్తుంది, దాంట్లో ఎక్సెల్ ని చూపించండి. ఆ బటన్ రాకపోతే మెయిలింగ్స్ ట్యాబ్ లో సెలెక్ట్ రిసిపియెంట్స్, అందులో యూజ్ యాన్ ఎగ్జిస్టింగ్ లిస్ట్. అక్కడ షీట్ ఎంచుకునేటప్పుడు కింద ఫస్ట్ రో హెడర్స్ అనే టిక్ ఉందో లేదో చూస్కోండి.

ఇక్కడే అసలు తంటా. మనవాళ్లు షీట్ పైన మొదటి రో లో అసోసియేషన్ పేరు పెద్దక్షరాలతో పెట్టి, హెడింగులు మూడో రో లో రాస్తారు, అప్పుడు వర్డ్ ఆ అసోసియేషన్ పేరునే కాలమ్ పేరు అనుకుని మిగతావాటికి ఎఫ్2, ఎఫ్3 అని పెట్టేస్తుంది, ఫ్లాట్ నంబర్ ఫీల్డ్ (లెటర్ లో ఆ కాలమ్ డేటా పడే చోటు) ఎక్కడా కనబడదు. పై రోలు డిలీట్ చేసి హెడింగులే మొదటి రో లో ఉండేలా సేవ్ చేసి మళ్లీ కలపండి. కాలమ్ పేరు కొంచెం మారినా ఇన్వాలిడ్ మెర్జ్ ఫీల్డ్ అని వస్తుంది, దయచేసి రిమూవ్ ఫీల్డ్ నొక్కకండి, పక్కన ఉన్న లిస్ట్ లోంచి సరైన కాలమ్ ఎంచుకుంటే చాలు. ఫీల్డ్ లో ఏ పేరుందో చూడాలంటే ఆల్ట్ ఎఫ్9.

తర్వాత ప్రివ్యూ రిజల్ట్స్ నొక్కి మొదటిదీ చివరిదీ అయినా చూడండి.

బయట ప్రింట్ తీయించేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది, ఇంట్లోనే ఫినిష్ అండ్ మెర్జ్ లో ఎడిట్ ఇండివిడ్యువల్ డాక్యుమెంట్స్, ఆల్ కొట్టండి, అందరి లెటర్లూ ఒకే ఫైల్ గా వస్తాయి, దాన్ని పీడీఎఫ్ చేసి పట్టుకెళ్తే షాపులో ఎక్సెల్ అవసరమే రాదు.