సినిమా వినడం నేర్చుకుందాం – 4: బిట్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది?

ఈ పాఠానికి ఒక నోటుబుక్కు, పెన్ను, ఇయర్‌ఫోన్స్ దగ్గర పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌తో ఈ పని కాదు. మంద్రంలో, అంటే కింది స్థాయిలో, మోగే వాద్యాలు అందులో సరిగా వినబడవు. ఇవాళ మనం పట్టుకోవలసిన వాటిలో సగం అక్కడే ఉంటాయి.

గత పాఠాల్లో వాద్యాన్ని గుర్తుపట్టడం, బాణీని గుర్తుపట్టడం, ఒకే బాణీ సినిమా పొడవునా వేషాలు మార్చుకుని ఎలా వస్తుందో పసిగట్టడం చూశాం. అవన్నీ సంగీతం మోగుతుండగా చేసే పనులు. ఈసారి చూడవలసింది అది మొదలయ్యే క్షణాన్ని, ఆగే క్షణాన్ని. నన్నడిగితే ఒక సంగీత దర్శకుడికి సినిమా ఎంత తెలుసో బయటపడేది ఇక్కడే. చక్కటి బాణీ కట్టగలిగేవాళ్ళు మనకు కొదవ లేదు. ఎక్కడ చెయ్యి దించాలో తెలిసినవాళ్ళే తక్కువ.

ముందు రెండు మూడు మాటలు తెలుసుకుందాం. అభిమానులు బీజీఎం అనే నేపథ్య సంగీతాన్ని సినిమావాళ్ళు రీ-రికార్డింగ్ అంటారు, పొట్టిగా ఆర్‌ఆర్. అందులో ఒక్కో ముక్క ఒక బిట్. ఎడిటింగ్ అయిన సినిమా చూస్తూ ఏ బిట్ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో దర్శకుడూ సంగీత దర్శకుడూ కలిసి తేల్చుకోవడం స్పాటింగ్. పూర్తయిన సినిమా విని, వాళ్ళు ఆ రోజు ఏం తేల్చుకున్నారో మనం ఊహించబోతున్నాం.

పెళ్ళిలో గట్టిమేళం గుర్తు తెచ్చుకోండి. అప్పటిదాకా నాదస్వరం ఏదో కీర్తన మెల్లగా వాయిస్తూ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. పురోహితుడు చెయ్యెత్తగానే డోలు, సన్నాయి ఒక్కసారి విరుచుకుపడతాయి. ఆ శబ్దంలో గొప్ప రాగమేమీ లేదు. కానీ అది అర నిమిషం ముందొచ్చినా, తాళి కట్టాక వచ్చినా పెళ్ళి పెద్దలు మేళంవాళ్ళను ఊరికే వదలరు. ఆర్‌ఆర్‌లో ప్రతి బిట్‌కూ అలాంటి ముహూర్తం ఒకటి ఉంటుంది.

ఇప్పుడు పద్ధతి. బాగా తెలిసిన సినిమాలోంచి ఐదారు నిమిషాల సీన్ ఒకటి తీసుకోండి. తెలిసిన సినిమాయే ఎందుకంటే, కథ తెలియకపోతే చెవి పని మానేసి కన్ను వెంట పరుగెడుతుంది. మొదటిసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. "నేనైతే ఇక్కడ మొదలుపెడతాను, ఇక్కడ ఆపుతాను" అని టైముతో సహా రాసుకోండి. సిగ్గుపడకండి, ఎవరూ చూడరు. రెండోసారి కళ్ళు మూసుకుని వినండి. మూడోసారి చూస్తూ, వింటూ, అసలు బిట్లు ఎక్కడున్నాయో పక్క కాలమ్‌లో రాయండి. ప్రతి బిట్‌కూ మొదలైన టైము, ఆ క్షణంలో తెర మీద ఏం జరిగింది (మాట ముగిసిందా, షాట్ మారిందా, ఎవరైనా తలెత్తి చూశారా), ఆగిన టైము, ఎలా ఆగింది (టక్కున తెగిందా, మెల్లగా తగ్గిందా, ఏదైనా చప్పుడు కింద కలిసిపోయిందా) రాస్తే చాలు.

మొదట్లో ఆగడం సులువుగా దొరుకుతుంది, మొదలవడం దొరకదు. అది మీ చెవి లోపం కాదు. అనుభవమున్న సంగీత దర్శకులు మొదలును కావాలనే దాచిపెడతారు. తలుపు చప్పుడు కింద, రైలు కూత కింద, ఒక డైలాగు చివరి అక్షరం కింద వయొలిన్లు సన్నగా ప్రవేశిస్తాయి. సంగీతం వస్తోందని మీకు తెలిసేసరికి అది వచ్చి పది సెకన్లయి ఉంటుంది. మన సినిమాల్లో మాటల కింద పరిచే పొడవాటి స్ట్రింగ్స్‌ను ప్యాడ్ అంటారు. దాన్ని పట్టుకోవాలంటే వెనక్కి జరిపి, మాట మొదలవక ముందు గది ఎలా వినబడిందో పోల్చి చూడాలి.

ఇక ఉదాహరణలు. ఈ పాఠానికి నాకు తెలిసి అన్నిటికన్నా మంచి పాఠ్యపుస్తకం 1975లో వచ్చిన సొరచేప సినిమా 'జాస్'. స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకుడు, జాన్ విలియమ్స్ సంగీతం. పక్కపక్కనే ఉన్న రెండు స్వరాలు మంద్రంలో మెల్లగా మొదలై వేగం పుంజుకుంటాయి. సొరచేప బాణీ అంతే, అది అందరికీ తెలుసు. తెలుసుకోవలసింది అది ఎక్కడ లేదన్నది. బీచ్‌లో ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన సొరచేప రెక్క పెట్టుకుని జనాన్ని హడలగొట్టే సీన్ ఒకటుంది. తెర మీద రెక్క కనబడుతుంది, జనం కేకలు పెడుతూ ఒడ్డుకు పరుగెడతారు. ఆ రెండు స్వరాలు మాత్రం రావు. విలియమ్స్ మనకు అబద్ధం చెప్పడు. బాణీ వస్తే సొరచేప ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. మనకు తెలియకుండానే ఈ ఒప్పందం మీద సంతకం పెట్టేస్తాం.

తర్వాత అతను దాన్ని చింపేస్తాడు. పోలీసు అధికారి పడవ వెనక కూర్చుని, చేపకు ఎరగా నీళ్ళలోకి మాంసం ముక్కలు విసురుతుంటాడు. హఠాత్తుగా సొరచేప నోరు తెరుచుకుని పైకి లేస్తుంది. ముందు ఏ సూచనా లేదు, ఒక్క స్వరం కూడా లేదు. ఇన్ని రీళ్ళుగా బాణీ వచ్చాకే భయపడడం అలవాటైనవాళ్ళం, ఇక నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా స్థిమితంగా కూర్చోలేం. ఈ రెండు సీన్లూ వెంటవెంటనే పెట్టుకుని చూడండి. స్పాటింగ్ అంటే ఏమిటో ఇంకెవరూ మీకు చెప్పనక్కర్లేదు.

రెండోది 'సైకో', 1960. బెర్నార్డ్ హెర్మన్ ఈ సినిమా మొత్తానికి తీగల వాద్యాలే వాడాడు. డ్రమ్ముల్లేవు, బాకాల్లేవు. స్నానాల గది హత్యకు సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ ముందు చెప్పాడు. హెర్మన్ రాసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. మనం గమనించవలసింది ఆ వయొలిన్ల అరుపు ఒక్కటే కాదు, దానికి ముందున్న ఖాళీ. హతురాలు షవర్ తిప్పిన దగ్గర్నుంచి నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. షవర్ తెర వెనక ఆకారం కనబడుతున్నా సంగీతం లేదు. తెర లాగినప్పుడే మొదలవుతుంది. మామూలు హారర్ సినిమాలో ఆ ఆకారం కనబడగానే ప్యాడ్ పరిచేసి, "భయపడండి, వస్తోంది" అని ముందే చెప్పేస్తారు. హెర్మన్ ఆ ఉపకారం చెయ్యడు. అన్నీ అయ్యాక మళ్ళీ నీళ్ళ చప్పుడే మిగులుతుంది.

హెర్మన్ గొప్పా విలియమ్స్ గొప్పా అంటే నా ఓటు హెర్మన్‌కే. విలియమ్స్ బాణీలు సినిమా అయిపోయాక కూడా ఈలవేసుకోవచ్చు. హెర్మన్‌వి ఈలకు లొంగవు, సీన్‌లోనే బతుకుతాయి. నేపథ్య సంగీతానికి అదే తగిన బతుకని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా పాఠానికి ఇబ్బంది లేదు.

ఇంకో సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనె గురించి ఒక్క ముక్క. సెర్జియో లియోనె తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968)కి బాణీలు షూటింగ్‌కు ముందే సిద్ధం. సెట్లో వాటిని వినిపిస్తూ నటింపజేశారు. అంత సంగీతం చేతిలో పెట్టుకుని కూడా, మొదట్లో స్టేషన్లో ముగ్గురు మనుషులు రైలు కోసం కాచుకునే సుదీర్ఘమైన సీన్‌కు సంగీతం లేదు. కిర్రుమనే గాలిమర, ముఖం మీద ముసిరే ఈగ, టోపీ మీద పడే నీటిచుక్కలే అక్కడి ఆర్‌ఆర్. రైలు కదిలిపోయాక హార్మోనికా వినబడుతుంది. అది వచ్చేసరికి వాళ్ళు ఎదురుచూసే మనిషి కూడా వచ్చినట్టే.

సంగీతం మొదలై, మాట ఆగిపోయిన సందర్భం కూడా ఒకటి చూడాలి. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955), సంగీతం పండిట్ రవిశంకర్. ఊరి నుంచి తిరిగొచ్చిన తండ్రి, కూతురు లేదన్న సంగతి తెలియక, ఆమె కోసం తెచ్చిన చీర తీసి చూపిస్తాడు. తల్లి బావురుమంటుంది. నోరు తెరుచుకుంటుంది కానీ ఏడుపు వినబడదు. ఆ స్థానంలో తార్ షెహనాయ్ తారస్థాయిలో మోగుతుంది. ఇది పేరులో షెహనాయ్ ఉన్నా ఊదేది కాదు, కమానుతో వాయించే తీగల వాద్యం. మీ నోటుబుక్కులో ఈ బిట్ పక్కన "ఏం తీసేశారు?" అని ఇంకో కాలమ్ గీసుకోండి. బిట్ మొదలైన చోట ఏ చప్పుడు మాయమైందో కూడా వినడం అలవాటవుతుంది.

ఇక మన తెలుగు సినిమా. ఇక్కడ నా ఫిర్యాదు ఒకటుంది. మనవాళ్ళు సంగీతం బాగుందంటే పాటలు బాగున్నాయని అర్థం. 'నాటు నాటు'కు 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు ఆర్‌ఆర్‌ఆర్ సంగీతానికి ఆస్కార్ అన్నవాళ్ళే ఎక్కువ. అది పాటకు వచ్చింది. అదే సినిమా నేపథ్య సంగీతానికి కీరవాణికి విడిగా జాతీయ అవార్డు వచ్చింది, 2021 సినిమాలకు. ఆ ఏడు పాటల అవార్డు 'పుష్ప'కు దేవిశ్రీప్రసాద్ తీసుకున్నారు. అంటే రెండూ తెలుగు సినిమాలకే వచ్చాయి. అయినా పాటల అవార్డు గురించి మాట్లాడుకున్నంతగా నేపథ్య సంగీతం అవార్డు గురించి మాట్లాడుకోలేదు.

రెండో ఫిర్యాదు ఈ మధ్య పెద్ద హీరోల సినిమాల మీద. సినిమా మొదలైన దగ్గర్నుంచి ఆర్‌ఆర్ ఆగదు. హీరో నడిచినా కోరస్, కూర్చున్నా కోరస్, విలన్ కాఫీ తాగినా మంద్రంలో ఏదో గర్జన. ఎలివేషన్ కావాలి, కాదనను, నేనూ థియేటర్లో ఈలవేసేవాణ్ణే. అయితే ఎత్తు తెలియాలంటే ముందు కాస్త పల్లం ఉండాలి కదా. మీరు పై పద్ధతిలో అలాంటి సీన్ ఒకటి రాసి చూస్తే ఆగిన టైము అనే కాలమ్ ఖాళీగా మిగులుతుంది.

ఈ విషయంలో నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళేది ఇళయరాజా దగ్గరికే. పక్షపాతం అనుకోండి. అందుకే ఆయన బిట్లు ఎక్కడ మొదలయ్యాయో నేను చెప్పను, మీతోనే రాయిస్తాను.

ఇంటి పని మూడు సీన్లు, మొదటి రెండూ ఇళయరాజావే. 'సాగర సంగమం' (1983)లో మాధవి తెచ్చిన నృత్యోత్సవం ఆహ్వానపత్రికలో బాలు తన ఫొటో చూసుకునే సీన్. 'శివ' (1989)లో కాలేజీ దగ్గర సైకిల్ చైన్ సీన్. ఇక్కడ సంగీతంతో పాటు మామూలు చప్పుళ్ళు కూడా రాయండి, ఏది ఏ పని చేస్తోందో విడదీయండి. మూడోది మణిశర్మ 'ఒక్కడు' (2003)లో కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర సీన్. మూడింటికీ సౌండ్ లేకుండా మీరు పెట్టుకున్న గుర్తులనూ, అసలు గుర్తులనూ పక్కపక్కన పెట్టండి. మీరు ముందుగా మొదలుపెట్టిన చోట్లకు ఎర్ర సిరాతో గీత గీయండి. కొత్తవాళ్ళు దాదాపు ఎప్పుడూ తొందరపడతారు.

ఐదో పాఠంలో ఆ ఎర్ర గీతలతోనే పని. మీకన్నా ఆలస్యంగా మొదలుపెట్టి సంగీత దర్శకుడు ఏం సాధించాడో ఒక్కో గీత దగ్గరా ఆగి చూద్దాం. నోటుబుక్కు పారెయ్యకండి.