బాక్సింగ్‌లో మొదటి స్పారింగ్ (ఎదుటివాడితో ప్రాక్టీస్ ఫైట్) ముందు టెన్షనా?

ఉత్తర చెన్నై జిమ్‌లలో చిన్నపిల్లలు కూడా హాయిగా రింగ్ ఎక్కేస్తుంటే మనకి మాత్రం కడుపులో తిప్పుతుంది, నోరు ఎండిపోతుంది, మళ్లీ మళ్లీ బాత్రూమ్‌కి వెళ్లాలనిపిస్తుంది. పిరికితనం కాదది, అడ్రినలిన్ పని. రెండు మూడు గంటల ముందే ఇడ్లీ తినేయండి (సాంబారు బాగుందని ఆరు లాగించకండి). మౌత్‌గార్డ్‌ని (పళ్లను కాపాడే తొడుగు) ముందు రోజే వేడినీళ్లలో మెత్తబరిచి పళ్లకు సరిపోయేలా కొరికి పెట్టుకోండి, లేకపోతే దాన్ని పట్టుకోవడానికే దవడ బిగుసుకుపోతుంది. ఎదుటివాడికి ‘అన్నా, ఇదే మొదటిసారి, మెల్లగా’ అని చెప్పేయండి.

అసలు చిక్కంతా ఊపిరి దగ్గరే: భయంతో బిగబట్టేస్తాం, కాసేపటికే చేతులు బరువెక్కుతాయి, అందుకే ప్రతి పంచ్‌కీ ‘ష్’ అంటూ గాలి వదలండి. ముక్కు మీద దెబ్బ పడితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అది ఏడుపేం కాదు, గడ్డం దించి చేతులు పైనే ఉంచండి. తల దిమ్మెక్కితే మాత్రం మొహమాటపడకుండా ఆపేయండి.