ట్యాబా, ల్యాప్‌టాపా? డబ్బు కట్టే ముందు ఇలా తేల్చుకోండి

విశాఖ గాజువాకలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "మాస్టారూ, ట్యాబ్ కొనమంటారా, ల్యాప్‌టాప్ కొనమంటారా?" అడిగినవాళ్లతో ద్వారకా నగర్, డాబా గార్డెన్స్ షాపులన్నీ తిరిగాను. అడక్కుండా కొనేసి, నెల తర్వాత పట్టుకొచ్చి "ఇది సరిగ్గా పనిచేయట్లేదండీ" అనేవాళ్లను చూస్తేనే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. డబ్బు కట్టేశాక నేను చేయగలిగింది చాలా తక్కువ. అందుకే ముందే చదువుకుంటారని రాస్తున్నాను.

కావలసినవి: ఒక నోటు పుస్తకం, పెన్ను, మీ ఫోను, ఒక పెన్‌డ్రైవ్. ఎంత పెట్టగలరో ఇంట్లో మాట్లాడుకుని ఆ అంకె పుస్తకం మొదటి పేజీలో రాయండి. షాపులో ఈఎంఐ మాట చెవిన పడగానే ఆ అంకె పెరగడం మొదలవుతుంది. పెరగనివ్వకండి.

వారం రోజుల లెక్క

ఒక వారం పాటు మీరు తెరమీద చేసే ప్రతి పనీ ఆ పుస్తకంలో రాయండి. ఫోన్లో చేసినా, ఆఫీసులో చేసినా, నెట్ సెంటర్‌కు వెళ్లి చేయించుకున్నా రాయాలి. ప్రతి పని పక్కన "చూ" అనో "రా" అనో పెట్టండి. చూడటం, చదవడం, వినడం, వీడియో కాల్ మాట్లాడటం "చూ". టైప్ చేయడం, లెక్కలు వేయడం, ఫైలు తయారు చేసి ఎవరికైనా పంపడం "రా". రెండు వరుసల వాట్సాప్ మెసేజీ "రా" కిందికి రాదు.

వారంలో అరగంటకు మించిన "రా" మూడుసార్లు వచ్చిందంటే ల్యాప్‌టాప్ కొనండి. రాకపోతే ట్యాబ్ కొనండి.

దీనికంటే మంచి పద్ధతి నాకు ఇంతవరకు కనిపించలేదు. యూట్యూబ్‌లో పోలికల వీడియోలు పది చూస్తే పదకొండో అనుమానం పుడుతుంది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుణ్ణి అడిగితే తను వాడే మెషీన్ పేరు చెబుతాడు. తన పని వేరు, మీ పని వేరు. ఏ మెషీన్ గొప్పదో వాళ్లు చెబుతారు గానీ, మీ పుస్తకంలో ఎన్ని "రా"లు ఉన్నాయో వాళ్లకెలా తెలుస్తుంది?

మా వీధిలో స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన పెద్దాయన, ఆయన భార్య ఉంటారు. "ఏటి మాస్టారూ, మా అబ్బాయి ల్యాప్‌టాప్ పంపుతానంటన్నాడు, వద్దంటారేటి?" అని ఆవిడ అడిగింది. వాళ్ల వారం లెక్కలో ఉన్నవి ఉదయం ఈ-పేపరు, మనవరాలితో వీడియో కాల్, సాయంత్రం ప్రవచనాలు, కరెంటు బిల్లు కట్టడం. ఒక్క "రా" కూడా లేదు. ట్యాబ్ తెప్పించాం. అక్షరాలు పెద్దవి చేసి, కీబోర్డులో తెలుగు మైకు పెట్టిచ్చాను. ఆవిడ ఇప్పుడు మైకు నొక్కి తెలుగులో మాట్లాడి మెసేజీలు పంపుతోంది. అదే ల్యాప్‌టాప్ వచ్చి ఉంటే బీరువా పక్కన దుమ్ము పట్టేది.

"రా"లు తక్కువే ఉన్నా ల్యాప్‌టాప్ తప్పని పనులు కొన్ని ఉన్నాయి, అదీ విండోస్ ల్యాప్‌టాప్. ట్యాలీలో ఖాతాలు రాసేవాళ్లు, టెండర్లకో కంపెనీ పనులకో డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చేవాళ్లు, అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు ట్యాబ్ వైపు చూడొద్దు. ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలైతే సీనియర్లను అడిగి ఊరుకోకుండా డిపార్ట్‌మెంట్‌లోనే కనుక్కోండి: ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు, ఇంటి నుంచి రాసే పరీక్షలు ఉంటాయా? కెమెరా నిఘాలో రాసే ఆన్‌లైన్ పరీక్షలు చాలావరకు ట్యాబ్‌ను ఒప్పుకోవు. పరీక్ష రోజున ఆ సంగతి తెలిసి ఏడ్చిన పిల్లను చూశాను.

ట్యాబ్ అని తేలితే

ఇది తేలిక పని. ర్యామ్ 6 జీబీకి తగ్గకూడదు, స్టోరేజ్ 128 జీబీకి తగ్గకూడదు. బయట తిరుగుతూ వాడేవాళ్లకు సిమ్ ఉన్నది, ఇంట్లోనే వాడితే వైఫైది. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ రాసిందో చూడండి, మూడేళ్లకు తక్కువైతే వద్దు. సినిమాలు చూసేవాళ్లు వైడ్‌వైన్ ఎల్1 ఉందో లేదో అడగండి, అది వీడియోలు కాపీ కాకుండా చూసే ఏర్పాటు. ఎల్3 మాత్రమే ఉంటే తెర ఎంత మంచిదైనా చాలా ఓటీటీల్లో హెచ్‌డీ రాదు, బొమ్మ మసకగానే వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ యాప్ ఉంటే దాని సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అనే చోట ఆ సంగతి కనిపిస్తుంది.

ట్యాబ్‌కు కీబోర్డు కవరు, పెన్ను తగిలించి ల్యాప్‌టాప్‌లా వాడుకుంటామనేవాళ్లకు ఒక్క మాట. వద్దు. మూడూ కలిపితే మంచి ల్యాప్‌టాప్ ధర దగ్గరికి వస్తుంది. పైగా దాన్ని బల్లమీద తప్ప పెట్టలేరు. రత్నాచల్‌లో విజయవాడ వెళ్తూ ఒళ్లో పెట్టుకుని టైప్ చేయబోయాను. అనకాపల్లి దాటేలోపు తెర మూడుసార్లు వెనక్కి పడింది. బొమ్మలు గీసేవాళ్లు, చేత్తో నోట్స్ రాసుకునేవాళ్లు పెన్ను కొనుక్కోండి. కీబోర్డు కావాలనిపించిందంటే మీకు కావలసింది ల్యాప్‌టాప్ అని అర్థం.

అసలు చిక్కు: పూర్తి మోడల్ నంబరు

ల్యాప్‌టాప్ అని తేలిన తర్వాత వచ్చే ఈ మెట్టు దగ్గరే నూటికి తొంభైమంది బోల్తా పడతారు. నిదానంగా చదవండి.

ఒకే పేరుతో, ఒకే రంగుతో, ఒకే మూతతో అమ్మే ల్యాప్‌టాప్ లోపల పది రకాలుగా ఉండొచ్చు. పెద్ద అక్షరాల్లో రాసిన పేరు ఆ కుటుంబానిది. మనం కొనేది అందులో ఒక్కదాన్ని. ఏది కొంటున్నామో చెప్పేది మెషీన్ అడుగున, బాక్సు పక్కన అంటించిన లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే పొడుగాటి నంబరు. దాన్ని ఫోటో తీసుకుని, ఒక్క అక్షరం కూడా వదలకుండా కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. చివర రెండు అక్షరాలు తేడా ఉంటే అది వేరే మెషీనే.

అక్కడ ముందు ప్రాసెసర్, అంటే మెషీన్‌కు మెదడు లాంటి చిప్పు ఏదో చూడండి. "ఐ3", "రైజెన్ 5" అన్న మాటలు చాలవు. ఇంటెల్‌లో ఐ3-ఎన్305 అనీ ఐ3-1215యూ అనీ రెండున్నాయి. మొదటిదాంట్లో ఉన్న 8 కోర్లూ (చిప్పు లోపల పనిచేసే భాగాలు) చిన్నవే. రెండోదాంట్లో 6 కోర్లే ఉన్నా, వాటిలో రెండు పెద్దవి. బరువైన పనికి రెండోదే నయం. ఏఎండీ కంపెనీ ల్యాప్‌టాప్ రైజెన్ 7000 వరుసలో నాలుగంకెల్లో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్, 4 కోర్లు. 7530యూలో మూడో అంకె 3, అంటే జెన్ 3, 6 కోర్లు. రెంటినీ రైజెన్ 5 అనే అంటారు. పది అంకెల తేడాయే కదా అని వదిలేస్తే ఆరేళ్లు అనుభవించాల్సింది మీరే.

తర్వాత స్టోరేజ్. ఈఎంఎంసీ అని రాసి ఉంటే అక్కడితో ఆగిపోండి. చవక ఫోన్లలో, చవక ట్యాబ్‌లలో వాడే రకం అది, ల్యాప్‌టాప్‌లో నత్తనడక నడుస్తుంది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఉండాలి, 512 జీబీ ఉండాలి.

ఇక ర్యామ్. ఇది నాకు దెబ్బ తగిలిన చోటు. మా పిన్ని కొడుకు బీటెక్‌లో చేరినప్పుడు ఇద్దరం ఒక షాపుకు వెళ్లాం. 8 జీబీ ఉంది, "తర్వాత ఇంకో 8 వేసుకోవచ్చు సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. నేను ఆ మాట నమ్మాను, లేబుల్ చదవలేదు. ఏడాది తిరక్కుండానే మెషీన్ నెమ్మదించింది. సర్వీసు చేసే అతను అడుగు మరలు తీసి మూత ఎత్తాడు, స్క్రూడ్రైవర్ మొనతో బోర్డు మీద వరుసగా ఉన్న నాలుగు నల్ల చిప్పుల్ని చూపించాడు. "ఇదే సార్ ర్యామ్. బోర్డుకే అతికించేశారు. స్లాట్ లేదు." మా తమ్ముడు ఏమీ అనలేదు, మూత మళ్లీ బిగించేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ చదువు నాలుగేళ్లూ వాడు అదే మెషీన్‌తో లాక్కొచ్చాడు.

అందుకే కంపెనీ వెబ్‌సైట్‌లో "సోల్డర్డ్", "ఆన్‌బోర్డ్", "ఎల్‌పీడీడీఆర్" అన్న మాటలు ఉన్నాయేమో వెతకండి. ఇవి కనిపిస్తే సాధారణంగా ఆ ర్యామ్ మార్చడం కుదరదు. కొన్నిటిలో కొంత అతికించి, ఒక స్లాట్ ఖాళీగా ఇస్తారు. ఆ స్లాట్ ఉన్నట్టు స్పష్టంగా రాసి ఉండాలి. విండోస్ 11 ఏ పనీ చేయకుండా కూర్చున్నా 3, 4 జీబీ తీసుకుంటుంది. ఆపైన బ్రౌజర్ తెరిస్తే 8లో మిగిలేది ఎంత? కాబట్టి 16 జీబీ ఉన్నది కొనండి, లేదా 8 జీబీతో పాటు ఖాళీ స్లాట్ ఉన్నది కొనండి. 8 జీబీ అతికించి స్లాట్ లేనిదాన్ని ఎంత తగ్గించి ఇచ్చినా ముట్టుకోవద్దు.

ఇంకో జాగ్రత్త. షాపులో బల్లమీద పెట్టి చూపించేది ఒకటి, గోడౌన్ నుంచి తెచ్చి ఇచ్చేది ఇంకొకటి కావచ్చు. మోసం చేయాలనే కాకపోవచ్చు, ఒకే పేరు కాబట్టి కుర్రాళ్లే పొరపడతారు. బల్లమీది మెషీన్ నంబరు ఫోటోను, బాక్సు మీది నంబరును పక్కపక్కన పెట్టి చదవండి. డబ్బు కట్టేది ఆ తర్వాతే.

బాక్సు అక్కడే తెరిపించండి. మీ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి సెటప్ పూర్తి చేయించండి, గంట పట్టినా కదలొద్దు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్తే ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్, డిస్కు కనిపిస్తాయి. మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు వాడుతోందో ఉంటుంది. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అతికించిన ర్యామ్. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బ్యాటరీ రిపోర్ట్ తీయండి. పవర్ అనే మాటకు సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అని విడదీయకుండా కొట్టాలి. వచ్చే ఫైల్లో సైకిల్ కౌంట్, అంటే బ్యాటరీ ఎన్ని విడతలు ఛార్జ్ అయి వాడబడిందో చెప్పే అంకె, పది దాటి ఉంటే ఆ మెషీన్ ఎక్కడో బల్లమీద నడిచినదే. మర్యాదగా చెప్పి వేరేది తెప్పించుకోండి. వెనకాల క్యూ ఉందని, సేల్స్ కుర్రాడు విసుక్కుంటున్నాడని మొహమాటపడకండి.

మిగతావి

తెర ఐపీఎస్ అయి ఉండాలి. పక్కకు జరిగి చూసినప్పుడు రంగులు మారిపోతే అది కాదు. 14 అంగుళాలు చాలు, 15.6 మోసేవాళ్ల భుజాలు పోతాయి. కీబోర్డు మీద అర పేజీ తెలుగు టైప్ చేసి చూడండి. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు సెట్టింగ్స్ నుంచి చేర్చుకోవచ్చు, విండోస్ మీటతో స్పేస్ నొక్కితే భాష మారుతుంది. మీ పెన్‌డ్రైవ్ పట్టే ప్రతి పోర్టులోనూ పెట్టి తీయండి.

టైప్-సితో ఛార్జింగ్ ఎక్కేదే తీసుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు నా దగ్గరున్న ల్యాప్‌టాప్ లావు పిన్నుది, మొదటి రాత్రే ఆరిపోయింది. టైప్-సి అయితే ల్యాప్‌టాప్‌కు సరిపోయే పెద్ద పవర్ బ్యాంకుతో నడుపుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటెల్ 8వ తరానికి ముందువి సాధారణంగా విండోస్ 11కు పనికిరావు.

సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు ఇంకో పని ఉంది. పాండురంగాపురంలో మా బంధువుల ల్యాప్‌టాప్ కిటికీ పక్క బల్లమీదే ఉండేది. రెండేళ్లకు టైప్-సి పోర్టు లోపల ఆకుపచ్చ తుప్పు కనిపించింది, ఛార్జరు గుచ్చి తీస్తే పోర్టు దానికే అతుక్కుని ఊడివచ్చింది. ఉప్పుగాలి ఎవరినీ వదలదు. వాడనప్పుడు మూత వేసి, సిలికా జెల్ పొట్లాలు వేసిన సంచిలో పెట్టండి, పొట్లాలు రెండు మూడు నెలలకోసారి మార్చండి. తడిగుడ్డ వద్దు, పొడి మెత్తటి గుడ్డ చాలు.

బిల్లు మీద సీరియల్ నంబరు రాయించండి. వ్యాపారం ఉన్నవాళ్లు జీఎస్టీ నంబరు కూడా వేయించుకోండి. ఇంటికొచ్చాక అదే సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, వారంటీ మొదలైన తేదీ మీ బిల్లు తేదీతో సరిపోయిందో చూడండి. సరిపోకపోతే ఆ వారంలోనే బిల్లు పంపి సరిచేయించుకోండి. అదయ్యాక లేబుల్ ఉన్న బాక్సును వారంటీ తీరేదాకా అటక మీద పెట్టేయండి.