వార్మ్ మిక్స్ పాఠం 4: టీఎస్‌ఆర్ శాతం ఒక్కటే చూస్తే చాలదు

ఈసారి చక్రాల గాడుల గురించి చెప్దామనుకున్నాను, కానీ పోయిన పాఠం అభ్యాసాలు చూశాక దాన్ని వాయిదా వేశాను. టీఎస్‌ఆర్, అంటే నీళ్ళలో నానాక రోడ్డు మిక్స్‌కి ఎంత శాతం బలం మిగిలిందో చెప్పే అంకె, దాని దగ్గర దాదాపు అందరూ "టీఎస్‌ఆర్ 80 దాటింది, పాస్" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. 80 అనే హద్దు చెప్పి, దాన్ని ఎలా చదవాలో నేను చెప్పలేదు, అందుకే ఇవాళ అదే పని.

వార్మ్ మిక్స్ అంటే ఏమిటో మళ్ళీ వివరంగా చెప్పను. రోడ్డుకి వేసే తారు, కంకరల మిశ్రమాన్ని మామూలు హాట్ మిక్స్ కంటే 20 నుంచి 40 డిగ్రీలు తక్కువ వేడిలో కలుపుతాం, అందుకు తారుని నురగ చేసినా, మైనం కలిపినా, రసాయనం కలిపినా సరే.

టీఎస్‌ఆర్ అంటే నీళ్ళలో నానిన శాంపిల్ బలాన్ని పొడి శాంపిల్ బలంతో భాగిస్తే వచ్చేది. భాగహారం కాబట్టి కింది అంకె తగ్గినా శాతం పెరుగుతుంది, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఉదాహరణకి హాట్ మిక్స్ పొడిగా 900 కిలోపాస్కల్, తడిగా 740 అనుకోండి, 82 శాతం. వార్మ్ మిక్స్ పొడిగా 600, తడిగా 510 అయితే 85 శాతం. ఇది చూసి వార్మ్ మిక్సే నీటికి బాగా తట్టుకుంటుందని రాస్తే ఎలా? తడిసిన రోడ్డు బరువు మోసేది ఆ 510తోనే కదా, హాట్ మిక్స్‌కి 740 ఉంది. ఇంకోటి, పొడిగా 450, తడిగా 450 వస్తే నూటికి నూరు, కానీ ఆ మిక్స్ నేనైతే వేయనివ్వను. అదే పొడిగా 1000, తడిగా 780 వస్తే 78, ఫెయిల్. దాన్ని పాస్ చేయమనడం లేదు, సున్నం కలిపో, రాయి నుంచి తారు ఊడకుండా చేసే యాంటీ స్ట్రిప్పింగ్ మందు వేసో సరిచేయొచ్చు, ఎందుకంటే బలం ఉంది, అతుకు లేదు. అందుకే రెండు బలాలూ రాయకుండా శాతం ఒక్కటే రాసిన పట్టిక నేను చదవను.

పొడి బలం తగ్గడానికి ఒక పెద్ద కారణం, తారు తక్కువ వేడి చూసి తక్కువ ముదరడం, అంటే తక్కువ గట్టిపడడం. మొదటి వేసవిలో గాడులు పడతాయన్న భయం అందుకే, తర్వాత పగుళ్ళు ఆలస్యమవుతాయన్న ఆశ కూడా అందుకే.

బలం చూశాక శాంపిల్‌ని పారేయకండి. రెండు ముక్కలుగా విడదీసి వెలుతురులో పట్టుకోండి. రాయి మీద తారు ఊడిన చోట మసకగా, అంచున గోధుమరంగు పొరతో ఉంటుంది. రాయే విరిగిన చోట తాజాగా, గరుగ్గా మెరుస్తుంది. ఈ రెండోది చూసి కంగారుపడక్కర్లేదు.

ఇంకో మాట. ల్యాబ్‌లో మీరు ఓవెన్‌లో పూర్తిగా ఆరిన కంకర వాడారు. ప్లాంట్‌లో బర్నర్ తగ్గిస్తే రాయి పైన ఆరుతుంది గానీ రంధ్రాల్లో తడి మిగిలిపోవచ్చు, తారు ఊడటం అక్కడినుంచే మొదలవుతుంది. టన్ను కంకరలో 5 శాతం తడి అంటే 50 కిలోల నీళ్ళు. వాటిని ఆవిరి చేయడానికి సుమారు 130 మెగాజౌళ్ళు కావాలి, ఆ టన్ను రాయిని మామూలు వేడి నుంచి 130 డిగ్రీలకు తేవడానికి అయ్యేది 95 దగ్గరే! వేడి 30 డిగ్రీలు తగ్గిస్తే మిగిలేది 27 చిల్లర, తడి ఒక్క శాతం తగ్గించినా దాదాపు అంతే మిగులుతుంది. అందుకే ఏ మందు కొనేముందైనా కంకర కుప్పకి కప్పు వేయమంటాను, కింద నేల వాలుగా ఉండాలి, లోడర్ ఎత్తు వైపు నుంచే తీయాలి.

అభ్యాసం ఈసారి కష్టమే, రెండు మూడు రోజులు పెట్టుకోండి. మూడు సెట్లు, సెట్టుకి ఆరు శాంపిళ్ళు, మూడు పొడివి, మూడు తడివి, అన్నిట్లో గాలి ఖాళీలు 7 శాతం, అర శాతం అటూ ఇటూ. మొదటిది ఆరిన కంకరతో హాట్ మిక్స్, రెండోది ఆరిన కంకరతో వార్మ్ మిక్స్. మూడోదానికి ముతక కంకరని రాత్రంతా నానబెట్టి, పైతడి గుడ్డతో తుడిచి, 130 డిగ్రీలు రాగానే ఓవెన్‌లోంచి తీసి వార్మ్ మిక్స్ కలపండి. కలపకముందు ఆ కంకర కొంచెం ట్రేలో తూచి, పూర్తిగా ఆరబెట్టి, మళ్ళీ తూచి మిగిలిన తడి ఎంతో రాయండి. ముందు రెండు బలాలు, తర్వాత పగిలిన ముఖం ఫోటో, చివరికి శాతం. మూడో సెట్ కంకర ఓవెన్‌లో ఎంతసేపు ఉందో నిమిషాలతో సహా కావాలి.