తెరమీద దెబ్బ తగలాలంటే

ఫైట్ సీన్‌లో పిడికిలి మొహానికి తగలదు. మధ్యలో జానెడు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని దాచడం చేతకాకపోతే ఎంత గొప్ప ఫైటర్‌ని పెట్టినా దండగే.

కెమెరాని కొట్టేవాడి వెనకో, దెబ్బ తినేవాడి వెనకో పెట్టి, పిడికిలీ మొహమూ ఒకే గీత మీదకు తేవాలి. పక్కనుంచి తీస్తే దొరికిపోతారు. కాస్త వెనక్కి జరిగి 85 మి.మీ. లెన్స్ వేస్తే ఖాళీ ఇంకా నొక్కుకుపోతుంది. టేక్ అయ్యాక మానిటర్‌లో ఒక్కో ఫ్రేమూ జరిపి చూడండి. పిడికిలికీ మొహానికీ మధ్య వెలుతురు కనిపిస్తే కెమెరాని రెండంగుళాలు జరిపితే సరిపోతుంది, ఫైట్ మార్చక్కర్లేదు.

అసలు నటన దెబ్బ తినేవాడిది. పిడికిలి మొహం గీత దాటే క్షణంలోనే, అది పోయే వైపుకే తల తిరగాలి: ముందు గడ్డం, తర్వాత భుజం, ఆ తర్వాత నడుము. అన్నీ ఒకేసారి కదిలితే తోసినట్టుంటుంది. సెకనుకి 24 ఫ్రేముల్లో రెండు మూడు ఫ్రేములు ముందు కదిలినా అబద్ధం బయటపడుతుంది. చొక్కా మీద కాస్త పౌడర్ చల్లితే, దెబ్బకు లేచే దుమ్ము సగం పని చేసిపెడుతుంది.

ఫైట్‌ని నాలుగైదు కదలికల ముక్కలుగా కంపోజ్ చేసి, ముక్క చివర ఇద్దరికీ ఊపిరి తీసుకునే జాగా ఇవ్వాలి. కిక్ ఉన్న షాట్‌లో పాదాలు ఫ్రేము బయటికి పోనివ్వొద్దు. కెమెరా ఊపడం, అరసెకనుకో కట్ వేయడం రిహార్సల్ చాలలేదని ఒప్పుకోవడమే.

ఎడిటింగ్‌లో హాంకాంగ్ వాళ్ల కిటుకు ఒకటుంది. వైడ్ షాట్‌లో (దూరం నుంచి తీసినదాంట్లో) దెబ్బ తగిలే దాకా ఉంచి, దగ్గర్నుంచి తీసిన క్లోజ్ షాట్‌కి వెళ్లేటప్పుడు రెండు మూడు ఫ్రేములు వెనక్కి జరిపి కలుపుతారు. అదే క్షణం రెండుసార్లు పడినా కన్ను పట్టుకోదు, బరువు మాత్రం తెలుస్తుంది. వేగం కావాలంటే సెకనుకి 22 ఫ్రేముల్లో తీసి 24లో ఆడించండి, 9 శాతం పెరుగుతుంది. 18కి దించితే జుట్టూ బట్టలూ కామెడీ చేస్తాయి.

నటుణ్ని తాడుతో గాల్లోకి లేపే రోప్ షాట్లు చెడేది మోకాళ్ల దగ్గర. నటుడు మోకాళ్లు వంచకముందే తాడు లాగితే నడుము దగ్గర బట్ట ముందు లేస్తుంది, గుట్టు రట్టు. మనిషిని కట్టే ముందు అంత బరువున్న ఇసుక బస్తాతో లాగి చూడటం తప్పనిసరి.

ఇంత చేసినా, చోటు అడ్డుపడని ఫైట్ డ్రిల్‌లాగే ఉంటుంది. ఇరుకు వరండాలో ఎత్తు కిక్కులు కుదరవు. మోచేతులు, మోకాళ్లే దిక్కు. 1973 నాటి ‘ఎంటర్ ది డ్రాగన్’ చివర్లో అద్దాల గదిలో శత్రువెవరో, నీడెవరో తేలదు. హీరో ముందు అద్దాలు పగలగొట్టాల్సి వస్తుంది.

సౌండ్‌లో ప్రతి గుద్దుకీ పిడుగు వేయకండి. పెద్ద చప్పుడు రెండు మూడు దెబ్బలకే దాచండి. మిగతావాటికి బట్ట విసురు, ఊపిరి చాలు.