ఆక్టేవ్ పెడల్ తడబడుతోందా? పెడల్ విప్పే ముందు గిటార్ చూడండి

సమస్య: బేస్ అసలు వినిపించడం లేదు

ఆక్టేవ్ పెడల్ పని మీరు వాయించిన స్వరానికి ఒకటి, రెండు స్థాయిలు (ఆక్టేవ్‌లు) కింది స్వరాన్ని జోడించడం. మరి స్పీకర్ సైజు ఎంత? గిటార్‌లో అన్నిటికంటే లావైన 'E' తీగ 82 హెర్ట్జ్. ఒక స్థాయి దించితే అందులో సగం, 41. ఆరంగుళాల ప్రాక్టీస్ ఆంప్ ఆ శబ్దాన్ని సరిగా పలికించలేదు. మంచి హెడ్‌ఫోన్స్‌లోనో, బేస్ ఆంప్‌లోనో పెట్టి వినండి. రెండు స్థాయిలు దించితే 20 దగ్గరికి, అంటే చెవి వినగలిగే హద్దుకి చేరతాం. ఇక ఆ తీగ మీద రెండు స్థాయిలు దించే నాబ్ ఎంత తిప్పినా లాభం లేదు.

సమస్య: గరగర, వణుకు

డిస్టార్షన్, కోరస్, డిలే లాంటి మిగతా పెడల్స్ అన్నీ దాటాక ఆక్టేవ్ పెట్టారా? దాన్ని గిటార్ పక్కనే, అన్నిటికంటే ముందు పెట్టండి. ఎన్నిసార్లు చెప్పినా చాలామంది ఇది చూడకుండానే రిపేర్‌కి పట్టుకొస్తారు. ఇంకోటి, బాస్ (Boss) కంపెనీ ఓసీ-2 లాంటి అనలాగ్ పెడల్ ఒకసారికి ఒక స్వరమే పట్టుకోగలదు. కార్డ్, అంటే ఒకేసారి కొన్ని స్వరాలు వాయిస్తే గోల చేయడం దాని లోపం కాదు. కార్డులే కావాలంటే, వాటిని పట్టుకోగలిగే పాగ్ (POG) లాంటి పెడల్ తీసుకోండి.

సమస్య: ఒక్క స్వరమే వాయిస్తున్నా కింది స్వరం ఉన్నట్టుండి పైకి దూకుతోంది

ఇదే అసలు దొంగ. పెడల్ పాడైందని అమ్మేసుకునేది ఎక్కువగా దీనివల్లే.

ఈ పెడల్ తరంగాలను లెక్కపెట్టి, రెండింటికి ఒకటి చొప్పున కొత్త తరంగం తయారుచేస్తుంది. కానీ తీగ మొత్తంగా ఊగుతూనే సగం సగంగా కూడా ఊగుతుంది. బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది చివర) పక్కన ఉండే పికప్ పెట్టి, టోన్ పూర్తిగా తెరిచి, బ్రిడ్జ్ దగ్గర గట్టిగా మీటితే ఆ సగం ఊపు బలంగా వస్తుంది. సర్క్యూట్ ఒక్క తరంగాన్ని రెండుగా లెక్కేస్తుంది. దాంతో కింది స్వరం మీరు వాయించిన స్వరం దగ్గరికే వచ్చేస్తుంది.

నెక్ పికప్‌కి, అంటే ఫ్రెట్ బోర్డ్ వైపున్న దానికి మారండి. టోన్ నాబ్ మూడు, నాలుగు దాకా తగ్గించండి. ఫ్రెట్ బోర్డ్ చివర మీటండి. మిగతా తీగలను అరచేత్తో ఆపండి, అవి మోగినా లెక్క తప్పుతుంది. మొదట డీ తీగ ఏడో ఫ్రెట్ దగ్గర వాయించి చూడండి. అక్కడ శుభ్రంగా పలికితే పెడల్ బాగున్నట్టే. శబ్దం మొద్దుబారిందనిపిస్తే ట్రెబుల్‌ని పెడల్ తర్వాత, ఆంప్‌లో పెంచుకోండి.

స్వరం పైకి దూకకుండా, చివర్లో తెగి తెగి ఆగిపోతుంటే సంగతి వేరు. సిగ్నల్ బలహీనపడి పెడల్‌కి అందడం లేదు. ఆక్టేవ్‌కి ముందు ఒక్క కంప్రెసర్ (శబ్దం బలాన్ని సమంగా ఉంచే పెడల్) మాత్రం పెడితే సర్దుకుంటుంది.

అరుదైనవి

పాత ఓసీ-2 మీద ఏసీఏ (ACA) అడాప్టర్ అని, అంటే పాత రకం అడాప్టర్ పేరు రాసి ఉంటే, ఇప్పటి 9 వోల్టుల అడాప్టర్‌తో లైట్ మసకగా వెలుగుతుంది, కొత్త బ్యాటరీ వేసి చూడండి. లోపలి చిప్ (ఐసీ) కాలిపోవడం చాలా అరుదు. పైవన్నీ అయ్యాకే స్క్రూడ్రైవర్ తీయండి.